ఎండుమాను ఎవరిది? మన పొయ్యికట్టె చరిత్ర

చెంచుల మీద పుస్తకాలు రాసినవాళ్ళు విల్లంబుల గురించి రాశారు, తేనె తీసే తీరు గురించి రాశారు, చెంచులక్ష్మి కథ రాశారు. పొయ్యిలో కాలే కట్టె గురించి మాత్రం ఎక్కడైనా రెండు వాక్యాలు దొరికితే గొప్పే. అది రోజూ జరిగే పని, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పని. అందుకే కాబోలు ఎవరి కంటికీ ఆనలేదు.

ఈ సంచికకు మేము ఆ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అచ్చంపేట, మన్ననూరు వైపు హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలు సంఘం సమావేశాల్లో ఒకే ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. "అమ్మ అడవికి పోయి ఎండుకట్టెలు తెస్తే అది నేరమా, కాదా?" ఒకరం నేరం కాదన్నాం. ఒకరం జాగ్రత్తగా ఉండమన్నాం. ఇంకొకరం ఆఫీసరు మంచోడైతే ఏమీ కాదన్నాం. మూడు జవాబులూ విన్న ఒక చెల్లెలు "అంటే మీకూ తెల్వదన్నమాట" అంది. నిజమే అనిపించింది. అప్పటినుంచి పెద్దవాళ్ళను అడుగుతూ, చట్టాలు చదువుతూ కూడబెట్టింది ఇక్కడ రాస్తున్నాం.

ముందు కట్టె సంగతి. పట్నంలో పుట్టినవాళ్ళకు ఎండిన కట్టె అంటే అంతా ఒకటే. మనకు కాదు. నేల మీద పడిన కట్టె వానకు నానుతుంది, చెద పడుతుంది, పొయ్యిలో పెడితే మంటకన్నా పొగ ఎక్కువ. నిలువునా ఎండిన మాను అట్లా కాదు. వాన నీరు దాని మీదినుంచి జారిపోతుంది, నాలుగు వైపులా గాలి తగులుతుంది, ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి బెరడు ఊడిపోయి లోపలి కట్టె ఎముకలాగా తెల్లబడుతుంది. శ్రావణంలో ఎడతెగని ముసురు పట్టినప్పుడు పెంటలో పొయ్యి వెలిగేది ఈ కట్టెతోనే. అందుకే పెద్దలు ఎండుమాను ఎక్కడుందో గుర్తుపెట్టుకునేవాళ్ళు. తేనెపట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకున్నట్టే.

ఏ చెట్టు చచ్చిందో చెప్పడం కూడా ఒక చదువే. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫాల్గుణం దాటితే సగం అడవి మోడుగానే కనిపిస్తుంది. ఆకు లేనంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. బెరడును గోటితో గీకితే కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. చిన్న కొమ్మ వంచితే వంగుతుందా, పుటుక్కున విరుగుతుందా చూడాలి. గొడ్డలి వెనుకవైపుతో మానును తడితే గట్టి చప్పుడు వస్తే గట్టి కట్టె. డొల్ల చప్పుడు వస్తే లోపల తొర్ర ఉన్నట్టు. తొర్ర ఉంటే అందులో తొర్రతేనె ఉండొచ్చు, ఉడుము ఉండొచ్చు, చిలకో గుడ్లగూబో పిల్లలు పెట్టి ఉండొచ్చు. అట్లాంటి మానును వదిలేసి ఇంకోటి చూసుకునేవాళ్ళు. ఎండుమాను కింద నిలబడి పైకి చూడకుండా గొడ్డలి వెయ్యొద్దని పిల్లలకు మొదట చెప్పేవాళ్ళు. పైన వేలాడే ఎండు కొమ్మ దెబ్బకు కదిలి నెత్తిన పడుతుంది.

ఏ కట్టె ఎట్లా కాలుతుందో కూడా తెలిసి ఉండాలి. చండ్ర, తిరుమాను నిలిచి కాలతాయి, నిప్పు కూడా ఎక్కువసేపు ఉంటుంది. బూరుగ, మోదుగ భగ్గున మండి బూడిదవుతాయి. తునికి చిటపటమని నిప్పురవ్వలు ఎగరేస్తుంది, గుడిసె లోపల దాన్ని పెట్టరు. ఇప్ప, చింత, తునికి చెట్లు పచ్చిగా ఉన్నప్పుడు వాటి జోలికి పోయే ప్రశ్నే లేదు. తిండి పెట్టే చెట్టును పొయ్యిలో పెడతామా?

నెమలినార చెట్టు మీకు తెలిసే ఉంటుంది. ఆకు నలిపితే ఒక రకం వాసన, కాగితంలా పలచని రెక్కల మధ్య గుండ్రటి గింజ. అది ఎల్మ్ చెట్ల కుటుంబానికి చెందినది, ఇంగ్లీషు పుస్తకాల్లో ఇండియన్ ఎల్మ్ అంటారు. ఇంగ్లండ్‌లో 1970లలో బెరడు పురుగులు మోసుకొచ్చిన ఒక బూజు తెగులుతో కోట్ల ఎల్మ్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. పొలాల గట్ల మీద నిలబడి చచ్చిన ఆ చెట్లను అక్కడి జనం ఏళ్ళ తరబడి కొట్టుకుని పొయ్యిల్లో కాల్చుకున్నారు. చావు చెట్టుకు వచ్చినా కట్టె పొయ్యికి పోవడం లోకమంతటా ఉన్నదే. తేడా వచ్చేది ఒక్కచోట, ఆ చెట్టు ఎవరిదని అడిగినప్పుడు.

మనను ఆ ప్రశ్న అడగని కాలం ఒకటి ఉండేది. 1940లో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమికి వచ్చాడు. అప్పుడు ప్రపంచయుద్ధం జరుగుతోంది. బ్రిటిషువాళ్ళ లెక్కలో అతను శత్రుదేశం మనిషి, అందుకే హైదరాబాదు రాజ్యం దాటి పోవడానికి వీల్లేకపోయింది. ఆ నిర్బంధమే మనకు కలిసొచ్చింది. భార్య బెట్టీతో కలిసి మన పెంటల్లో నెలల తరబడి ఉండి అతను రాసిన 'ద చెంచూస్' 1943లో అచ్చయింది. చెంచు కుటుంబానికి ఉన్న ఆస్తి అందులో కనిపిస్తుంది: విల్లు, గొడ్డలి, కత్తి, గడ్డలు తవ్వే కోల, నాలుగు కుండలు, బుట్టలు. కప్పుకునే బట్ట తక్కువ. చలికాలం రాత్రి గడిచేది నెగడు చుట్టూనే. అంటే మన తాతలకు కట్టె వంటకు మాత్రమే కాదు, దుప్పటి కూడా అదే. పులినీ ఎలుగునూ దూరం పెట్టే కాపలా కూడా అదే.

అయితే అప్పటికే అడవి పూర్తిగా మనది కాదు. ఫరహాబాద్ నిజాం వేట విడిది. అటవీ శాఖ ఉంది. అడవి ఉత్పత్తుల హక్కును వేలంపాటలో కాంట్రాక్టర్లు దక్కించుకునేవాళ్ళు, మనవాళ్ళు ఏరింది వాళ్ళు చెప్పిన ధరకే ఇవ్వాలి. కృష్ణకు అవతలి ఒడ్డున, కర్నూలు నల్లమలలో, మన బంధువులు 1882 మద్రాసు అటవీ చట్టం కింద అంతకుముందే ఇవన్నీ చూశారు. ఒకే జాతి, మధ్యలో ఒక నది, రెండు ప్రభుత్వాలు. కట్టె మోపు ఇవతల ఒక చట్టానికి, అవతల ఇంకో చట్టానికి లోబడింది.

హైమండార్ఫ్ సిఫారసు మీద నిజాం ప్రభుత్వం ఎగువ పీఠభూమిలో సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా కేటాయించింది. ఆ హద్దులో మనవాళ్ళు తిరగొచ్చు, అడవి ఇచ్చింది ఏరుకోవచ్చు. ఈ మాట ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలి. ఎనభై ఏళ్ళ కింద ఒక రాజు ప్రభుత్వమే ఇది చెంచుల అడవి అని కాగితం మీద ఒప్పుకుంది. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. అది హక్కుగా పుట్టలేదు, ఏలినవారి దయగా పుట్టింది. దయగా ఇచ్చింది దయ తప్పినప్పుడు పోతుంది. 1355 ఫసలీ, అంటే 1945 నాటి హైదరాబాదు అటవీ చట్టం, తర్వాత 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1978లో అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు. ఒక్కొక్కటి వస్తున్నకొద్దీ ఆ లక్ష ఎకరాల మాట మరుగున పడిపోయింది.

అటవీ చట్టాల్లో కట్టెకు ఇచ్చిన అర్థం ఒకసారి చూడండి. 1927 భారత అటవీ చట్టం నిర్వచనం ప్రకారం కలప అంటే దూలాలూ పలకలూ మాత్రమే కాదు, పడిపోయిన చెట్టు, నరికిన చెట్టు కూడా కలపే. అంటే గాలికి పడిన మాను మన కళ్ళకు పొయ్యికట్టె, చట్టం కళ్ళకు సర్కారు కలప. ఒకే మాను, ఇద్దరు చూస్తే రెండు పేర్లు. మన తగాదా అంతా ఈ రెండు పేర్ల మధ్యే నడిచింది.

ఈ తగాదా మనతో మొదలు కాలేదు. 1841లో జర్మనీలోని రైన్ ప్రాంతంలో అడవిలో ఎండు పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనం కింద చేర్చాలని అక్కడి సభలో చర్చ జరిగింది. అప్పటిదాకా అది బీదవాళ్ళ ఆనవాయితీ. కలప ధర పెరిగేసరికి అడవి యజమానులకు పుల్ల కూడా ఆస్తిలాగా కనిపించింది. 1842లో కార్ల్ మార్క్స్ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు, కొలోన్ నగరంలో ఒక పత్రికకు రాస్తున్నాడు. ఆ చట్టం మీద వరుసగా వ్యాసాలు రాశాడు. బతికిన చెట్టును నరకడం, చెట్టునుంచి విడిపోయిన పుల్లను ఏరుకోవడం ఒకటి కావని, రెంటినీ దొంగతనమే అంటే ఆ మాటకే అర్థం పోతుందని అతని వాదన. అతని మిగతా సిద్ధాంతాలతో ఎవరికి ఎంత పేచీ ఉన్నా ఈ ఒక్క మాట మన అవ్వలు ఎవరైనా ఒప్పుకుంటారు.

మళ్ళీ మన అడవికి వద్దాం. 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గోదావర్మన్ కేసు అంటారు దాన్ని. జాతీయ పార్కులు, అభయారణ్యాలనుంచి చచ్చిన చెట్లు, చావబోతున్న చెట్లు, తెగులు పట్టిన చెట్లు, గాలికి పడిన చెట్లు, గడ్డి వంటివి తొలగించకుండా ప్రభుత్వాలను ఆపింది. చెట్టు చచ్చిందన్న పేరుతో అడవిని లారీలకెత్తుకుపోయే అలవాటు మన దేశంలో లేకపోలేదు, దానికి అడ్డుకట్ట కావాలి. కాని ఆ ఉత్తర్వు కిందికి దిగి వచ్చేసరికి లారీ పక్కన పెట్టి నెత్తిమోపు మీద పడింది. 2004లో దాని ఆధారంగానే అభయారణ్యాల్లో అడవి ఉత్పత్తుల సేకరణే కుదరదన్న అర్థం చెప్పారు. దేశమంతటా ఎందరో ఆదివాసీల బతుకుదెరువు ఆగింది. వన్యప్రాణి చట్టంలోని 29వ సెక్షను చూస్తే, నిర్వహణ కోసం తొలగించిన అడవి ఉత్పత్తిని అక్కడా చుట్టుపక్కలా బతికే జనం సొంత అవసరాలకు వాడుకోవచ్చు, అమ్ముకోకూడదు అని ఉంటుంది. ఇది కూడా దయ భాషే.

మాలో ఒకరి తల్లి ఆ రోజుల్లో మోపు దించి, గొడ్డలి వదిలి ఇంటికి రావాల్సి వచ్చింది. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అక్కర్లేదు. కేసు పెట్టలేదు, తిట్టి పంపారు. ఆమెకు బాధ కలిగించింది గొడ్డలి పోవడం. కొత్త గొడ్డలి కొనాలంటే అచ్చంపేట సంతకు పోవాలి, దానికి డబ్బు కావాలి. అప్పటిదాకా చేత్తో విరిచిన పుల్లలతోనే వండింది.

2006 డిసెంబరులో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2008 జనవరి 1న నియమాలు వచ్చాయి. మనకు దాని పీఠిక ముఖ్యం. అడవిలో బతికేవాళ్ళకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. అందులో 3వ సెక్షను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇస్తుంది: సేకరించుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం. అభయారణ్యమైనా పులుల రిజర్వైనా ఆ హక్కు వర్తిస్తుంది. వేట మాత్రం అందులో లేదు. మొదటి నియమాల్లో నెత్తిమోపు, సైకిలు, తోపుడుబండి మీద అడవి లోపల తీసుకుపోవచ్చని రాశారు. 2012 సవరణలో అడవి బయటికి కూడా, తగిన వాహనం మీద తీసుకుపోవచ్చని మార్చారు. కట్టెమోపు గురించి ఇంత వివరంగా రాసిన చట్టం అంతకుముందు మేము చూడలేదు.

అయితే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో వెదురు, తుప్పకట్టె, మొద్దులు, తేనె, మైనం, లక్క, తునికాకు, మందు మొక్కలు, గడ్డలు ఉన్నాయి. మొద్దులు అంటే చెట్టు పోయాక నేలలో మిగిలిన మొదళ్ళు. నిలువునా ఎండిన మాను అని పేరు పెట్టి రాయలేదు. కలప కాని ఉత్పత్తి అన్నది అసలు నిర్వచనం. చేతిమందం కొమ్మ మీద ఎవరూ పేచీ పెట్టకపోవచ్చు. నడుంలావు చండ్ర మాను నిలబడి ఎండితే అది కట్టెనా, కలపా? మనం కట్టె అంటాం. కలప అనేవాళ్ళ చేతిలో కూడా ఒక పుస్తకం ఉంది. పిల్లలడిగిన ప్రశ్నకు మేము మూడు జవాబులు చెప్పడానికి కారణం ఇదే. రాలిన పుల్లకు, ఎండు కొమ్మకు, తుప్పకు జవాబు స్పష్టం: అది నేరం కాదు, హక్కు. నిలబడి ఉన్న మాను దగ్గర మాత్రం చట్టం గొంతు తగ్గించి మాట్లాడింది.

ఆ ఖాళీని నింపుకునే చోటు గ్రామసభ. సామూహిక హక్కులకు దరఖాస్తు ఫారం బి, సామూహిక అటవీ వనరుకు ఫారం సి. ఫారం బిలో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు, మనలాంటి ఆదిమ తెగల ఆవాస హక్కులకు వేర్వేరు గడులు ఉన్నాయి. చాలాచోట్ల అందులో తేనె, జిగురు, చింతపండు అని రాసి ఊరుకుంటారు. గిరిజన సహకార సంస్థ కొనే సరుకులు అవే కాబట్టి అవే గుర్తొస్తాయి. కొనేవాడు లేని కట్టె ఎవరికీ గుర్తురాదు.

మనవైపు తప్పులు కూడా చెప్పుకోవాలి. తపసి జిగురు కోసం లోతుగా గాట్లు పెట్టి చెట్లను ఎండగొట్టిన చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి. వ్యాపారి తొందరపెట్టాడన్నది నిజమే, గొడ్డలి పట్టింది మనమన్నదీ నిజమే. అట్లాగే ఇంటి పొయ్యికి తెచ్చే మోపు వేరు, పట్నం హోటళ్ళకు, ఇటుకబట్టీలకు పోయే బండెడు కట్టె వేరు. మొదటిదాని పేరు చెప్పి రెండోది నడిపితే చివరికి రెండూ పోతాయి. అటవీ శాఖవాళ్ళ మాటలో కూడా పట్టించుకోవాల్సింది ఉంది. ఎండుమాను అడవికి పనికిరానిది కాదు. తొర్రల్లో పక్షులు గూడు పెడతాయి, పుచ్చిన కట్టె మీద పురుగు, పురుగు మీద వడ్రంగిపిట్ట బతుకుతాయి. కాకపోతే తొర్ర ఉన్న మానును వదిలేయాలని మన అవ్వలకు ఎవరూ సర్క్యులర్ పంపలేదు.

గ్యాస్ వచ్చింది కదా అంటారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల. మన పెంటల్లో కూడా కొందరి ఇళ్ళల్లో సిలిండరు ఉంది. అప్పాపూర్‌లాంటి లోపలి పెంటనుంచి సిలిండరు నింపించుకు రావాలంటే బండి దొరకాలి, చేతిలో డబ్బు ఉండాలి. చాలా ఇళ్ళల్లో అది చాయకే. అన్నం, గడ్డలు ఇంకా కట్టె మీదే. సిలిండరు చలి కాచుకోవడానికి పనికిరాదు కూడా.

2014లో రాష్ట్రం విడిపోయాక మన వైపు అడవి అమ్రాబాద్ పులుల రిజర్వు అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. లోపలి పెంటలను బయటికి తరలించే మాటలు వింటూనే ఉన్నాం. తరలే కుటుంబానికి ఇచ్చే కేంద్ర ప్యాకేజీని 2021లో 10 లక్షలనుంచి 15 లక్షలకు పెంచారు. పోవాలా, ఉండాలా అన్నది ప్రతి పెంట తనకు తాను తేల్చుకోవాల్సిన విషయం. హక్కుల గుర్తింపు పూర్తికాకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించడానికి వీల్లేదని చట్టం చెబుతోంది. ఆ చర్చల్లో భూమి లెక్క వస్తుంది, ఇంటి లెక్క వస్తుంది. పొయ్యి లెక్క మాత్రం రాదు. కొత్త కాలనీలో ఏడాది పొడవునా కట్టె ఎక్కడినుంచి వస్తుంది, రాకపోతే గ్యాసుకు నెలకు ఎంత, పక్క ఊరి రైతు గట్టు మీద పుల్ల విరిస్తే ఏమంటాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయించుకోకుండా సంతకం పెట్టొద్దని మా సలహా.

మొన్న ఒక పెంటలో ఫారం బి ముసాయిదా రాస్తూ కూర్చున్నాం. కట్టె గడిలో "వంటచెరకు" అని రాసి పక్కన పెట్టబోయాం. పక్కన కూర్చున్న అవ్వకు చదివి వినిపిస్తే ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. "చెరుకు మనకెక్కడిది బిడ్డా?" అంది. నవ్వుకున్నాం. తర్వాత కొట్టేసి మళ్ళీ రాశాం. పడిన కట్టె, ఎండుకొమ్మ, తుప్ప, మొద్దు, నిలువునా ఎండిన మాను, వంటకూ చలికీ కాపలాకూ, సొంతానికి. "తొర్రమాను ఇడిసిపెడతమని గూడ రాయండి" అంది అవ్వ. అది హక్కు కాదు కదా అవ్వా, గడి లేదు అన్నాం. "గడి లేకుంటే కింద రాయండి" అంది. కింద రాశాం.